పొద్దుగూకినంక అమీనా కూడా గడప తొక్కడు

నల్గొండ కోర్టు దగ్గర ఒక వకీలు సారు ఆఫీసులో గుమాస్తాగా పనిచేస్తున్నాను. దావాలు టైపు చేయడం, కోర్టు ఫీజు స్టాంపులు అంటించడం, వాయిదాలు డైరీలో ఎక్కించడం, నకళ్ల కోసం నిలబడటం నా పని. మా బీరువాలో ఎక్కువ జాగా పట్టేవి అప్పు కేసులే. ప్రోనోటు దావాలు, చెక్కు కేసులు, చిట్టీ బాకీలు, డిక్రీ వచ్చాక వేసే ఈపీలు. ఈపీ అంటే డిక్రీని అమలు చేయమని పెట్టే దరఖాస్తు. అప్పిచ్చినాయన కోర్టుకొచ్చి, కాగితం చూపించి, సాక్ష్యం చెప్పి, వాయిదాలకు తిరిగి తిరిగి గెలిచాక, గెలిచిన పైసలు రాబట్టుకోవడానికి వేసేది అది. అంటే ఈ బాకీ నిజమేనని జడ్జిగారు ముద్ర వేసిన తర్వాతి సంగతి.

అంత దూరం వచ్చాక కూడా బాకీదారుడి ఇంట్లో ఏమేం ముట్టుకోకూడదో చట్టంలో రాసి ఉంది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్, 60వ సెక్షన్. కట్టుకునే బట్టలు, వంట గిన్నెలు, మంచాలు, పరుపులు జప్తు చేయకూడదు. అతనివే కాదు, భార్యవి, పిల్లలవి కూడా. మతాచారం ప్రకారం ఆడమనిషి ఒంటిమీది నుంచి తీయకూడని నగలు ముట్టుకోకూడదు. మన దగ్గరైతే పుస్తెలు, మట్టెలు. చేతిపని చేసుకునేవాళ్ల పనిముట్లు తీసుకోకూడదు. రైతు నాగలి, బతుకుదెరువుకు కావాలని కోర్టు అనుకున్న ఎడ్లు, విత్తనాల గింజలు తీసుకోకూడదు. రైతు గానీ కూలీ గానీ తానుంటున్న సొంత ఇల్లు, కూలీ మనిషి సంపాదించిన కూలి కూడా ఆ జాబితాలో ఉన్నాయి. తాకట్టు పెట్టిన ఆస్తి సంగతి వేరు, అది రాసిచ్చిన ఆస్తి. నేను చెప్పేది మామూలు చేబదులు, నోటు బాకీల గురించి.

62వ సెక్షన్ ఇంకో మాట చెబుతుంది. జప్తుకు వచ్చిన కోర్టు అమీనా పొద్దుగూకిన తర్వాత, మళ్లీ పొద్దు పొడిచేలోపు ఎవరి ఇంట్లోకీ అడుగు పెట్టకూడదు. చేతిలో జడ్జి సంతకం చేసిన వారెంటు ఉన్నా సరే. 56వ సెక్షన్ ప్రకారం డబ్బు డిక్రీ కింద ఆడమనిషిని అరెస్టు చేయడానికి లేదు. మగమనిషినైనా, కట్టే తాహతు ఉండి కట్టకుండా తిప్పుతున్నాడని రుజువైతేనే సివిల్ జైలు. చేతిలో ఏమీ లేక కట్టలేకపోయిన మనిషిని జైల్లో పెట్టడం రాజ్యాంగం ఇచ్చిన జీవించే హక్కుకే విరుద్ధమని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు రాశారు. మా సారు ఈపీ కౌంటర్లలో, అంటే బాకీదారుడి తరఫున వేసే జవాబుల్లో, ఆ తీర్పు పేరు రాయమన్నప్పుడల్లా నేను మనసు పెట్టి టైపు చేస్తాను.

బాకీ వసూలు కావాల్సిందే. కానీ బాకీపడ్డ మనిషి రేపు పొద్దున లేచి వండుకు తినాలి, పనికి పోవాలి, పిల్లలను బడికి పంపాలి, నలుగురిలో తలెత్తుకు తిరగాలి. ఇంత ఆలోచించి రాసిన చట్టం ఊళ్లల్లో నడుస్తున్న వసూళ్ల దగ్గర ఎక్కడా కనిపించదు. దావా లేదు, నోటీసు లేదు, డిక్రీ లేదు. బండి మీద వచ్చిన పిల్లగాడు కోర్టు చేయలేని పనులన్నీ ఒక్క సాయంత్రంలో చేసి పోతున్నాడు. మా అన్న ఇంట్లో నా కళ్లముందు జరిగింది కాబట్టి ఇది రాస్తున్నాను.

మా ఊరు దేవరకొండ వైపు. బత్తాయి తోటల ఊరు. అన్నకు ట్రాలీ ఆటో ఉంది, ఫైనాన్సులో తీసుకున్నదే. సీజన్‌లో కాయ నల్గొండ మార్కెట్‌కు తోలుతాడు, మిగతా రోజుల్లో సిమెంటు, ఎరువుల బస్తాలు. వదిన మిషను కుడుతుంది, పత్తి ఏరే రోజుల్లో కూలికి పోతుంది. రెండు కంపెనీల్లో గ్రూపు లోన్లు ఉన్నాయి. ఒకటి రూ.50,000. ఫీజు, ఇన్సూరెన్స్ పోను చేతికి వచ్చింది అంతకన్నా తక్కువే. రెండు వారాలకోసారి రూ.1,220 కిస్తీ. కంపెనీ పేర్లు రాయను, రెండిట్లో ఒకటే తీరు కాబట్టి పేర్లతో పనిలేదు.

లోడుతో వస్తుంటే ట్రాలీ బోల్తాపడి అన్న కాలు విరిగింది. దవాఖానలో రాడ్డు వేశారు. ట్రాలీ ఇంటిముందు నిలబడిపోయింది. వదిన వరుసగా మూడు కిస్తీలు తప్పింది. అంతకుముందు ఒక్కటి తప్పలేదు, లోన్ కార్డులో అన్ని గడుల్లో సంతకాలు ఉన్నాయి, నేను చూశాను.

నేను అన్నను చూడటానికి పోయిన సాయంత్రం వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఒక పిల్లగాడు కూర్చుని ఉన్నాడు. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లుంటాయి. మెడలో ఐడీ కార్డు, ఒళ్లో ట్యాబు. ట్యాబు చార్జింగ్ అయిపోతే మా ఇంట్లో టీవీ పక్క ప్లగ్గుకే పెట్టుకున్నాడు. మధ్యాహ్నం వచ్చాడట. లోపల మంచం మీద అన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోలేదు, అన్నీ వింటూనే ఉన్నాడు.

"అక్కా, నువ్వు కట్టేదాంక నేను ఈడికెల్లి లేవ. మా సారుకు నేనేం జెప్పాలె?"

"మీ అన్న పండుకున్నడు సార్, చూస్తున్నరు గద. ఒక్క నెల ఓపిక పట్టుండ్రి, మిత్తితోని గడ్త."

తనకన్నా పదిహేనేళ్లు చిన్నవాడిని వదిన సార్ అంటోంది, మీరు అంటోంది. అతను నువ్వు అంటున్నాడు.

కాసేపటికి గ్రూపులో మిగతా ఆడవాళ్లకు ఫోన్లు చేసి పిలిపించాడు. పత్తి ఏరి అప్పుడే ఇళ్లకు వచ్చినవాళ్లు, కాళ్లు కూడా కడుక్కోకుండా వచ్చి నిలబడ్డారు. "మీ మెంబర్ కట్టకపోతే మీరు గట్టుండ్రి, లేకపోతే ఎవ్వలకు మళ్ల లోన్ రాదు" అన్నాడు. ఇద్దరు వదిన మీద గొంతు లేపారు. రోజూ ఒకరి ఇంట్లో కూర ఒకరు తెచ్చుకునేవాళ్లు వీళ్లు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. అప్పుడు అతను మెడవైపు చూసి, "పుస్తెలతాడు బంగారందే గద అక్కా. కుదవ పెట్టు, అన్న లేచినంక ఇడిపించుకుంటవు" అన్నాడు. చాలా మామూలుగా, మంచి సలహా చెబుతున్నట్టే అన్నాడు.

బాత్రూమ్ వాకిట్లో, అతని కుర్చీకి నాలుగడుగుల దూరంలో ఉంది. మా అన్న బిడ్డ పదో తరగతి. అతను లేచిపోయేదాకా ఆ పిల్ల బయటికి రాలేదు. ఈ సంగతి నాకు రాత్రి తొమ్మిది దాటాక తెలిసింది, అతను పోగానే పరుగెత్తినప్పుడు. అప్పుడు వచ్చినంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు.

అంతకుముందే నేను అడిగాను. "తమ్మీ, ఆరు దాటింది. ఆరు తర్వాత ఫోన్ గూడ చేయొద్దని రిజర్వు బ్యాంకు రూలు ఉన్నది, ఎరికేనా?"

"అయన్ని కాయితంల ఉంటయక్కా. మాకు టార్గెట్ ఉంటది."

ఆ కాగితంలో ఏముందో పూర్తిగా చెబుతాను. 2022 మార్చి 14న రిజర్వు బ్యాంకు మైక్రోఫైనాన్స్ రుణాల మీద ఆదేశాలు ఇచ్చింది, ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న ఇంటికి తాకట్టు లేకుండా ఇచ్చే అప్పులన్నీ దీని కిందికే వస్తాయి. కిస్తీ ఎక్కడ కట్టాలో తీసుకున్నవాళ్లు, ఇచ్చినవాళ్లు కలిసి అనుకోవాలి. వరుసగా రెండుసార్లు లేదా అంతకన్నా ఎక్కువసార్లు ఆ చోటికి రాకపోతేనే ఇంటికి గానీ పని దగ్గరికి గానీ రావచ్చు. కాబట్టి వదిన విషయంలో అతను ఇంటికి రావడం తప్పని నేను అనను. వచ్చాక చేసిందే తప్పు. పొద్దున 9 కంటే ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదు. అదేపనిగా ఫోన్లు చేయకూడదు. తిట్టకూడదు, బెదిరించకూడదు. చుట్టాలను, స్నేహితులను, తోటి పనివాళ్లను వేధించకూడదు. బాకీపడ్డవాళ్ల పేర్లు బయటపెట్టకూడదు. కట్టకపోతే ఏమవుతుందో అబద్ధాలు చెప్పి భయపెట్టకూడదు. ఆలస్యమైతే వేసే జరిమానా తప్పిన కిస్తీ మీదే వేయాలి, మొత్తం అప్పు మీద కాదు. లోన్ కార్డు మనకు అర్థమయ్యే భాషలో ఉండాలి.

ఇంకొకటి కూడా ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఇంటి మీద ఉన్న అప్పులన్నిటికీ కలిపి నెలకు కట్టాల్సింది ఆ ఇంటి నెల ఆదాయంలో సగం దాటకూడదు. దాటేటట్టుంటే కొత్త అప్పు ఇవ్వకూడదు. వదినకు రెండో కంపెనీ అప్పిచ్చేనాటికే ట్రాలీ ఫైనాన్సు, మొదటి గ్రూపు లోను నడుస్తున్నాయి. ఫారంలో ఆదాయం ఎంత రాశారో వదినకు తెలియదు. వాళ్లే రాసుకున్నారు, వేలిముద్ర మిషను మీద వేలు పెట్టమన్నారు, పెట్టింది. ఇచ్చేటప్పుడు చూడాల్సింది చూడకుండా ఇచ్చి, కట్టలేని రోజు వచ్చాక నీకు నీతి లేదా అని ఇంటిముందు కూర్చుంటే ఆ మాట నేను ఒప్పుకోను.

మిగతా బ్యాంకు, ఫైనాన్సు అప్పులకు కూడా 2022 ఆగస్టు 12న ఇలాంటి ఆదేశమే వచ్చింది. అక్కడ టైము కొంచెం వేరు, పొద్దున 8 నుంచి సాయంత్రం 7.

మర్నాడు పోలీస్ స్టేషన్‌కు పోయాం. "అప్పు తీసుకుంటే కట్టాలి గదమ్మా, ఇది సివిల్ మ్యాటర్" అని కూర్చోబెట్టారు. చాలామంది ఈ మాట దగ్గరే వెనక్కి వచ్చేస్తారు. అప్పు సివిలే, నేనూ కాదనలేదు. మేం అప్పు గురించి రాలేదు, వాకిట్లో జరిగినదాని గురించి వచ్చామని చెప్పాను. దరఖాస్తులో అప్పు ఊసు ఒక్క వాక్యంలో ముగించి, మిగతాదంతా టైము, మాటలు, ఎవరెవరు విన్నారు, లేచిపొమ్మన్నా లేవకపోవడం, ఆడపిల్ల బాత్రూముకు పోలేకపోవడం రాశాను. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో 351 నేరపూరిత బెదిరింపు, 352 కావాలని అవమానించడం, 329 అక్రమ ప్రవేశం. మనం రమ్మంటేనే వచ్చిన మనిషి అయినా, బెదిరించడానికో అవమానించడానికో కదలకుండా కూర్చుంటే అది కూడా అక్రమ ప్రవేశం కిందికే వస్తుంది. దరఖాస్తు తీసుకున్నారు, రసీదు ఇచ్చారు. కేసు కట్టలేదు. కంపెనీ బ్రాంచికి ఫోన్ చేసి మాట్లాడారు. ఆ ఫోన్‌కే సాయంత్రం రావడాలు ఆగిపోయాయి.

అదే వారం కంపెనీ ఫిర్యాదుల అధికారికి తెలుగులో ఉత్తరం రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఆ అధికారి పేరు, నెంబరు లోన్ కార్డు వెనక ఉంటాయి. కట్టను అనలేదు. కాలు విరిగిన కాగితాలు జతచేసి, కిస్తీ తగ్గించి గడువు పెంచమని అడిగాం. కంపెనీ 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా, రిజర్వు బ్యాంకు తరఫున ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. 14448కి ఫోన్ చేస్తే ఎలా పెట్టాలో చెబుతారు. మాకు అంతదాకా పోవాల్సిన అవసరం రాలేదు. ఉత్తరం అందిన కొన్నాళ్లకు బ్రాంచి మేనేజరే వచ్చి మాట్లాడాడు, పొద్దునపూట, కుర్చీ వేస్తేనే కూర్చున్నాడు.

మా ఊళ్లో పెద్దవాళ్లు ఒక మాట అంటుంటారు, ఈ గ్రూపులోళ్లు మధ్యలో కొన్నేళ్లు కనపడలేదు, మళ్లెప్పుడు వచ్చిండ్రు అని. కారణం ఉంది. 2010లో నేను ఇంటర్ చదువుతున్నప్పుడు ఉమ్మడి రాష్ట్రంలో మైక్రోఫైనాన్స్ వేధింపులకు ఆడవాళ్లు ప్రాణాలు తీసుకుంటున్న వార్తలు రోజూ వచ్చేవి. ఆ ఏడాది అక్టోబర్ 15న రోశయ్య ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది, తర్వాత అది చట్టమైంది. వారం కిస్తీలు బంద్, నెల కిస్తీలే. వసూలు గ్రామపంచాయతీ ఆఫీసులోనో కలెక్టర్ చెప్పిన బహిరంగ స్థలంలోనో చేయాలి. అసలుకు మించి మిత్తి తీసుకోకూడదు. ఇంటి చుట్టూ తిరగడం, వెంటపడటం, అవమానించడం నేరం. తెలంగాణ వచ్చాక మనకూ అదే చట్టం నడిచింది. 2022లో కేరళ కేసులో సుప్రీంకోర్టు, రిజర్వు బ్యాంకు కింద ఉన్న ఫైనాన్సు కంపెనీల మీద రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు పనిచేయవని చెప్పింది. దాని వెనకే 2023 ఫిబ్రవరిలో మన హైకోర్టు, మైక్రోఫైనాన్స్ చట్టం కూడా ఆ కంపెనీలకు వర్తించదని తీర్పిచ్చింది. ఎవరి అధికారం ఎంతవరకు అన్న ప్రశ్నకు కోర్టు ఇచ్చిన జవాబు అది, దాన్ని నేను తప్పుపట్టను. కానీ దానివల్ల ఊళ్లో జరిగింది ఇది. పంచాయతీ ఆఫీసులో జరగాల్సిన వసూలు తిరిగి వాకిట్లోకి వచ్చింది. తప్పు జరిగితే అడగడానికి ఇదివరకు జిల్లాలోనే అధికారి ఉండేవాడు. ఇప్పుడు ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనో పోస్టులోనో రిజర్వు బ్యాంకుకు పెట్టాలి. పత్తి ఏరే ఆడమనిషి అంత దూరం ఎలా పోతుంది? మక్తల్ దాటి కృష్ణా నది అవతల రాయచూరు. అక్కడ కర్ణాటక ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో బలవంతపు వసూళ్ల మీద కొత్త ఆర్డినెన్స్ తెచ్చింది. కంపెనీల మిత్తి సంగతి రిజర్వు బ్యాంకు చూసుకోనీ. గడప దగ్గర మనిషి మర్యాద కాపాడే పని మాత్రం మండల స్థాయిలో ఎవరికో ఒకరికి అప్పజెప్పాలి. కలెక్టర్ ఆఫీసులో జనం దరఖాస్తులు తీసుకునే ప్రజావాణిలో ఈ దరఖాస్తు పెట్టాం, నాతోపాటు గ్రూపు ఆడవాళ్లు కూడా సంతకాలు చేశారు.

అప్పుతో మనిషిని కట్టేయడం మన వైపు కొత్త కాదు. మా అమ్మమ్మది పాలమూరు వైపు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని కాలువ పనులకు, బొంబాయికి, పుణెకు పోయినవాళ్లు లెక్క తీరేదాకా తిరిగి రాలేకపోయేవాళ్లని చెప్పేది. లెక్క మేస్త్రీ పుస్తకంలో ఉండేది, వీళ్లకు చదువు రాదు. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చి అలాంటి బాకీలన్నీ చెల్లవని చెప్పింది. అమ్మమ్మకు ఆ చట్టం సంగతి నేను చెప్పేదాకా తెలియదు.

ఊళ్లో నోటు మీద ఇచ్చే అప్పుల గురించి కూడా రెండు మాటలు, ఎందుకంటే రోజూ చూసేవి అవే. నూటికి 2 రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం, 3 అంటే 36. రోజువారీ ఫైనాన్సు ఇంకా ఘోరం. రూ.8,500 చేతికిచ్చి రోజుకు 100 చొప్పున 100 రోజులు వసూలు చేస్తే ఏడాది లెక్కన అది 100 శాతం దాటిపోతుంది. ఖాళీ ప్రోనోటు మీద సంతకం పెట్టకండి. నోటుకు మూడేళ్లే గడువు. ఆలోపు దావా వేయాలి, లేదా నోటు వెనక చెల్లు పడాలి. అందుకే మూడో ఏడు చివర్లో వచ్చి "వంద రూపాయలు కట్టినట్టు చెల్లు పెట్టు చాలు" అని తియ్యగా మాట్లాడతారు. ఆ సంతకంతో గడువు మళ్లీ మొదలవుతుంది. నిజంగా కట్టిన ప్రతి రూపాయికీ చెల్లు రాయించుకోండి, తీరిపోయాక నోటు వెనక్కి తీసుకోండి. తీరిన బాకీ నోటు అవతలివాళ్ల దగ్గరే ఉండిపోయి దావా పడ్డ కేసులు మా బీరువాలో ఉన్నాయి. ఖాళీ చెక్కు అయితే ఇంకా ప్రమాదం, అది చెల్లకపోతే క్రిమినల్ కేసు అవుతుంది.

అప్పు తీసుకున్న మనిషి చనిపోతే కొందరు దినం కూడా కాకముందే భార్య దగ్గరికి వస్తున్నారు. ఆ మనిషి వదిలిపోయిన ఆస్తి ఎంతుందో అంతవరకే వారసుల బాధ్యత. ఆమె జామీను సంతకం పెట్టి ఉంటే తప్ప ఆమె కూలి పైసల మీద ఆ బాకీ పడదు. గ్రూపు లోన్లకైతే ముందే ఇన్సూరెన్స్ పట్టుకుంటారు, ఆ క్లెయిమ్ ఏమైందని మొదట అడగండి.

అన్న కొడుకు సంగతి ఆఖరున బయటపడింది. నల్గొండలో డిగ్రీ చదువుతున్నాడు. నాన్న పడిపోయాక ఇంట్లో అడగలేక ఫోన్‌లో ఒక యాప్‌లో రూ.5,000 తీసుకున్నాడు. చేతికి వచ్చింది 3,200. ఏడు రోజుల్లో 5,000 కట్టాలి. కట్టాడు, ఇంకా ఉందన్నారు. మళ్లీ కట్టాడు. తర్వాత వాడి ఫోటో పెట్టి "వీడు దొంగ" అని ఫోన్‌లో ఉన్న నెంబర్లన్నిటికీ పంపడం మొదలుపెట్టారు. నాకూ వచ్చింది. వాళ్ల లెక్చరర్‌కు, మేనమామకు, కాయ కొనే సేటుకు కూడా పోయింది. ఫోటోలు ఇంకా పాడుగా చేసి పంపుతామన్నారు.

2020 డిసెంబర్‌లో ఇలాంటి యాప్‌ల వేధింపులతో తెలంగాణలో ప్రాణాలు పోయాక హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు. 2022 సెప్టెంబర్‌లో రిజర్వు బ్యాంకు డిజిటల్ అప్పులకు నియమాలు పెట్టింది. అప్పు యాప్ మన ఫోన్‌లో కాంటాక్టులు, ఫోటోలు, కాల్ వివరాలు చూడకూడదు. పైసలు అసలు అప్పిచ్చే బ్యాంకో ఫైనాన్సు కంపెనీయో నేరుగా మన ఖాతాలో వేయాలి. 2025 జూలై నుంచి అసలైన యాప్‌ల జాబితా రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంటోంది. మావాడు తీసుకున్నది అందులో లేదు.

ఆ రాత్రి మేం చేసిన పని చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. వాళ్లకు పైసలు పంపడం ఆపేశాం. వాడి కాంటాక్టులందరికీ మేమే ముందుగా మెసేజ్ పెట్టాం: "మావాడి ఫోన్ నెంబర్లు ఒక దొంగ యాప్ చేతిలో పడ్డాయి, ఏదైనా ఫోటో వస్తే నమ్మకండి, తెరవకండి, ఆ నెంబరు మాకు పంపండి." అందరూ మంచిగానే స్పందించారు. సేటు ఫోన్ చేసి "పిలగాన్ని ఏమనకుండ్రి" అన్నాడు. స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకుని 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ ఫిర్యాదు పెట్టాం. ఆ తర్వాతే యాప్ తీసేశాం. వదిన ఆ రాత్రి వాడి పక్కనే పడుకుంది. వయసు పిల్లలకు ఇజ్జత్ పోతే ప్రపంచమే అయిపోయినట్టుంటుంది. మీ ఇంట్లో పిల్లలు ఫోన్ చూసి ఉలిక్కిపడుతుంటే, అన్నం వదిలేస్తుంటే కోపం చేయకుండా అడగండి. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416, టెలీ మానస్. తెలుగులో మాట్లాడతారు, పైసలు అడగరు.

వాకిట్లో కూర్చున్న ఆ పిల్లగాడి గురించి కూడా చెప్పాలి. తర్వాత ఒకరోజు నల్గొండ బస్టాండు దగ్గర కనపడ్డాడు. నన్ను గుర్తుపట్టి తనే వచ్చాడు. కొల్లాపూర్ వైపు ఊరట. డిగ్రీ అయ్యాక దొరికిన మొదటి నౌకరీ. వసూలు కాని రోజు బ్రాంచికి తిరిగి రావొద్దంటారట, రాత్రి పది దాకా ఎదురుచూసి పైసలు లేకుండా పోతే అందరిముందు తిడతారట. "మా అమ్మకు గూడ గ్రూపు లోన్ ఉన్నదక్కా" అన్నాడు. నాకు అతని మీద ఉన్న కోపం పోలేదు, పుస్తెలతాడు మాట నేను మరిచిపోను. కానీ ఆరు తర్వాత ఇంటిముందు కూర్చోమని అతనికి చెప్పేవాళ్లు ఏసీ గదుల్లో ఉన్నారు. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం వసూలు మనిషి చేసినదానికి కంపెనీదే బాధ్యత. అందుకే ఉత్తరం బ్రాంచికి కాకుండా హెడ్డాఫీసుకు రాయమంటాను.

గ్రూపు ఆడవాళ్లతో మాట్లాడటానికి నాకు ఎక్కువ సమయం పట్టింది. ఒకరికొకరు హామీ సంతకాలు పెట్టుకున్నారు, కాబట్టి భయం ఉంది. ఆ సంతకం ఉంటే కంపెనీ నోటీసు ఇచ్చి కోర్టుకు పోవచ్చు, కానీ మిమ్మల్ని పొలం నుంచి పిలిపించి వదిన మీదకు ఉసిగొల్పే హక్కు ఎవరికీ లేదని చెప్పాను. ఆ రోజు గొంతు లేపినవాళ్లలో ఒకామె ఏడ్చింది. ఇప్పుడు వాళ్లందరూ అనుకుని, కిస్తీ గ్రామపంచాయతీ వరండాలో పొద్దున పది గంటలకు కడుతున్నారు. ఎవరికైనా ఆ రోజు కుదరకపోతే గ్రూపు లీడర్ ముందే బ్రాంచికి ఫోన్ చేస్తుంది. వదిన కిస్తీ తగ్గింది, గడువు పెరిగింది, మిత్తి కొంచెం ఎక్కువే పడుతుంది, కడుతోంది. అన్న కర్ర పట్టుకుని నడుస్తున్నాడు, ట్రాలీకి డ్రైవర్‌ను పెట్టాడు.

ఇలాంటి ఇబ్బందిలో ఉన్నవాళ్లు నల్గొండకు గానీ మహబూబ్‌నగర్‌కు గానీ వస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు పోండి, కోర్టులో ఎవరినడిగినా చూపిస్తారు. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోన్ అయితే 15100. వచ్చేటప్పుడు లోన్ కార్డు, కట్టిన రసీదులు, వచ్చిన కాల్స్ రికార్డింగులు, ఇంటికి వచ్చిన మనిషి ఐడీ కార్డు ఫోటో తెచ్చుకోండి. ఏ తేదీన ఎన్ని గంటలకు వచ్చారు, ఎన్ని గంటలకు పోయారు అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. ముందుగా అడిగేది అదే.